పసుపు చీర మీద ధర చీటీ

“ఏమప్పా ఈరప్పా, ఈ రంగు నిలుస్తాదా, లేకుంటే నీ మాటల మాదిరి పొద్దు మునిగేలోపల మారిపోతాదా?” అని అనంతపురం బట్టల అంగడి లలితమ్మ మొహం మీదే అడిగింది. ధర్మవరంలో ముప్పై ఏళ్లుగా పట్టునూలుకు రంగులు అద్దుతున్న ఈరప్పకు చురుక్కుమంది. “నీళ్లలో ఏసి పిండుకో తల్లీ. చుక్క రంగు దిగితే నా పేరు ఈరప్పే కాదు,” అన్నాడు.

ఆ ధీమాకు కారణముంది. ఇన్నాళ్లూ అతనిది పొట్లాల్లో వచ్చే రసాయన రంగుల బతుకు. సహజ రంగులకు గిరాకీ పెరిగిందని లలితమ్మే పసుపుకొమ్ముల రంగుతో పన్నెండు చీరలు కావాలంది. నూలు ఈరప్ప అప్పుకు తెచ్చింది, నేత పక్క వీధి మార్కండేయది. చీరలు అమ్ముడుపోయాకే అందరికీ డబ్బు. పటిక నీళ్లలో నానిన నూలు చిలపలను పసుపు తొట్టిలో ముంచితే బంతిపూల రంగు లేచింది. ఈరప్ప తనకు తెలిసిన పరీక్షలన్నీ పెట్టాడు. కుంకుడు రసంలో ఉతికాడు, చెమటకు బదులు ఉప్పునీళ్లు చల్లాడు, తడి తెల్లగుడ్డతో రుద్దాడు. రంగు కదల్లేదు. ఒక్క పరీక్ష మాత్రం అతనికి తట్టలేదు. అద్దకం పనివాళ్లు తడి చిలపలను ఎండలో ఆరెయ్యరు. మచ్చలు కడతాయని వసారాలో దండేల మీద, నీడనే ఆరేస్తారు. మంచి అలవాటే. దాని వల్లే ఆ పసుపు అంగడి చేరేదాకా ఎండ మొహం చూడలేదు.

ఎండకు కరువొచ్చే ఊరా అది! లలితమ్మ ఒక చీరను ఎండ పడే వీధి వైపు అద్దాల దగ్గర బొమ్మకు కట్టింది. రెండు వారాలు తిరక్కముందే ఫోన్ చేసి ఈరప్పను పిలిపించింది.

బొమ్మ భుజం మీద పట్టు ఎండుగడ్డిలా పాలిపోయింది. కుచ్చిళ్ల మడతల్లో పసుపు నిగనిగలాడుతూనే ఉంది. కొంగు మీది ధర చీటీని ఈరప్ప ఎత్తి చూశాడు. సరిగ్గా చీటీ ఉన్నంత మేర, మొదటి రోజు రంగు.

“మా పనోళ్లు అద్దాలు తుడిచే మందు చల్లింటారు దీని మీద. ఆ పాడు పని వాళ్లదే,” అంది లలితమ్మ. “పోనీలే, మిగతా పదకొండూ బీరువాలో బంగారం మాదిరి ఉండాయి.”

ఈరప్ప ఊ అంటే చాలు. పదకొండు చీరల డబ్బు పూర్తిగా వస్తుంది, మార్కండేయ కూలి ముడుతుంది. చీటీ కింది నిండు రంగును వేలితో చూపించాడు.

“మందు కాదమ్మా,” అన్నాడు. “ఎండ తినేసినాది. బీరువాలోవి బయటికొచ్చినా ఇంతే.”

“అంటే అమ్మొద్దంటావా?”

“చెప్పి అమ్ము. పందిట్లో కట్టుకోమను, ఎండలో ఆరెయ్యొద్దను.”

“శానా బాగుండాదప్పా! చీరతో పాటు గొడుగు కూడా నేనే ఇయ్యాలనా?”

దీన్ని సత్యసంధత అని పొగడనక్కర్లేదు. అబద్ధమాడితే ఎండలో తిరిగిన మొదటి పెళ్లి చీరకే దొరికిపోతానని అతనికి తెలుసు. భయపడ్డాడు, చెప్పాడు. ప్రకృతి ఇచ్చింది కాబట్టి కల్లాకపటం లేని రంగని మనం మురిసిపోవడమూ దండగే. పసుపులోని రంగు పదార్థం వెలుతురును పీల్చుకుని, ఆ వెలుతురుకే విరిగిపోతుంది. విరిగాక అది పసుపు కాదు. మొక్కల రంగులన్నీ ఇంత పిరికివీ కావు. ఈరప్ప ఇంటికెళ్లి రకరకాల నూలుపోగులను సగం అట్టతో కప్పి మిద్దె మీద ఎండబెట్టాడు. పసుపు పోగు బయటి సగం వెలవెలబోయింది. పటికతో పట్టించిన దానిమ్మ తొక్క రంగు దాదాపు అలాగే నిలిచింది. కాకపోతే అది మట్టి కలిసినట్టుండే పసుపు రంగు.

అతను అంగడికి తెచ్చిన ఆ పోగును లలితమ్మ వేలికి చుట్టుకుని చూసింది. “నిలుస్తాది సరే, ఎవురు కట్టుకుంటారు దీన్ని? గోడలకు మట్టి మెత్తే మేస్త్రీనా?” అంది. అంటూనే ఆ రంగులో నాలుగు చీరలు కావాలని చెప్పింది. పదకొండు పసుపు చీరలనూ ఎండ సంగతి చెప్పి, ధర తగ్గించి అమ్మింది. వచ్చినదాంతో ఈరప్ప నూలు అప్పు తీర్చాడు, ఆ పదకొండింటి నేతకూలి ఇచ్చాడు. బొమ్మకు కట్టిన పన్నెండోది వెనక్కి వచ్చి అతని వసారాలో దండెం మీద ఉంది, చీటీ మచ్చతో సహా.

దాని నేతకూలి నాలుగు వేలు మార్కండేయకు ఇంకా ఇవ్వాలి.