చల్లారకముందే తెరిచిన భట్టీ

మొన్న ఉప్పల్‌లో మా మనవరాలి ఇంట్లో చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంటే, ఎదురుగా దాని కంప్యూటరు తెర మీద ఒక గీత పిచ్చిపట్టినట్టు పైకీ కిందికీ ఎగిరి, పోనుపోను నెమ్మదించి, చివరికి ఒకచోట కునుకు తీసినట్టు పడుకుంది. నేను సంతకం వరకే నేర్చినదాన్ని, ఈ మాటలు కూడా నేను చెబుతుంటే మనవరాలే రాస్తోంది, అయినా ఆ గీత మీద నుంచి నా చూపు మరలలేదు. జనం ముసలితనం కోసం దాచుకున్న సొమ్మును ఏ కంపెనీలో ఎంత పెడితే భయం తక్కువో దాని ఆఫీసులో కంప్యూటరు చేత వెతికిస్తారట. దారులు లెక్కలేనన్నట, అన్నీ నడిచి చూడటం ఎవరి తరమూ కాదట.

"మొదట్ల ఎటుపడితే అటు తిరగనిస్తం అమ్మమ్మా, తప్పు దారైనా పోనిస్తం. తర్వాత మెల్లమెల్లగ సల్లారుస్తం. తొందరపడితే మొదట దొరికిన జాగనే మంచిదనుకొని ఆడ్నే కూసుంటది. ఇనుమును కాల్చి సల్లార్చేది సూసే ఈ పద్ధతి కనిపెట్టిన్రు."

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది.

పెళ్లైన కొత్తలో మా ఆయన నాచారంలో ఒక చిన్న కార్ఖానాలో భట్టీ చూసేవాడు, నేను అక్కడే పోతపోసిన ఇనుప ముక్కలు తట్టల్లో సర్దేదాన్ని. శనివారం ముక్కలను ఎర్రగా కాల్చి, మంట ఆపి, తలుపు బిగిస్తే సోమవారం సాయంత్రం దాకా లోపల వాటంతట అవే చల్లారాలి, అప్పుడే ఇనుము మెత్తబడి, రంధ్రాలు వేసే బర్మాకు లొంగుతుంది. భట్టీ గోడకు దగ్గరగా నిలబడితే లోపల టిక్కుటిక్కుమని సన్నని చప్పుడు వినిపించేది, ఇనుము నిద్రలో పలవరిస్తోందనుకునేదాన్ని. ఆయన గోడకు అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఇంకా ఎన్ని గంటలు పడుతుందో చెప్పేవాడు.

ఒక సోమవారం పొద్దున్నే లారీ వచ్చి నిలబడింది. మధ్యాహ్నానికి సరుకు ఎక్కకపోతే రేపటి నుంచి పనికి రావద్దన్నాడు కార్ఖానా సేటు. మా ఆయన గోడ తడిమి చూసి, సాయంత్రం దాకా ముట్టేది లేదని చెప్పి చాయ్ తాగడానికి బయటికి పోయాడు. నాకేమో కిరాయి గది, కడుపులో బిడ్డ, ఈ మనిషి మొండితనంతో పని పోతే ఏం తింటామని భయం. ఎవరూ చూడకుండా కొంగు చేతికి చుట్టుకుని భట్టీ గడియ ఎత్తాను. లోపల ఎరుపు కనిపించలేదు, చల్లారిపోయిందనే అనుకున్నాను. హమాలీలు ఆయనే తెరిచి పోయాడనుకుని కొక్కేలతో ముక్కలు బయటికి లాగేశారు. తిరిగి వచ్చిన ఆయన తెరిచిన తలుపు చూసి, పోయి గోడకు అరచెయ్యి ఆనించాడు.

వారం తిరక్కముందే సరుకు వెనక్కి వచ్చింది, బర్మా పెట్టగానే సగం ముక్కలు పగిలాయట. "ఇన్నేండ్ల పనోనివి, నీకేం రోగమొచ్చిందిరా" అన్నాడు సేటు అందరి ముందూ. నేను తల దించుకుని తట్టలో ముక్కలు సర్దుతూ ఉండిపోయాను. ఆయన నా చేతి మీద మానుతున్న బొబ్బ వైపు ఒక్కసారి చూశాడు.

"నేనే తెరిచిన సేటూ. నాకే జర తొందరైంది."

ఆ రోజే పని పోయింది. తర్వాత బతికినన్నాళ్లూ చర్లపల్లి గోదాముల్లో మూటలు మోశాడే గానీ మళ్లీ భట్టీ ముందు నిలబడలేదు. ఎండాకాలం పొద్దుగూకే వేళ మాత్రం, ఇంటి గోడ వెచ్చగా ఉన్నప్పుడు, దాని మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

కంప్యూటరు తొందరపడితే ఏం చేస్తారని మనవరాలిని అడిగితే, మళ్లీ మొదటి నుంచి కాలుస్తాం, ఒక్క రోజులో వెయ్యిసార్లైనా కాలుస్తాం అని నవ్వింది. ఈ పిల్లలు తప్పు చేస్తే ఆ పూటే ఒప్పుకుని, పోట్లాడుకుని, కలిసి అన్నం తింటున్నారు. మా రోజుల్లో ఆలుమగల మధ్య మౌనమే మర్యాద అనుకున్నాం. ఆయన ఉండగా, తెరిచింది నేనేనన్న ఆ ఒక్క మాట అని ఉంటే ఏమనేవాడోనని ఇప్పుడు పగటిపూట కూడా కలగంటాను. కలలో ఆయన ఏమీ అనడు, కొంచెం పక్కకు జరిగి నాకు కూర్చునే చోటు ఇస్తాడు.