అమ్మ కంటి ఆపరేషన్, నాన్న మైక్రోవేవ్ వంట

అమ్మకి కంట్లో శుక్లం ముదిరితే ఏలూరులో ఆపరేషన్ చేయించాం. కొన్నాళ్లు పొయ్యి సెగ తగలకూడదని, వంగి పనులు చెయ్యకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నేను అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కితే తిరిగి వట్లూరులో మా ఇంటికి చేరేసరికి సాయంత్రమయ్యేది. వంట చేసిపెట్టి వెళతానంటే నాన్న ఒప్పుకోలేదు.

"నువ్వు రైలందుకో అమ్మా. మీ అమ్మకి వేడిగా నేను వండి పెడతాను," అన్నారు.

నాన్న కాలవల మీద ఇరిగేషన్ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తిన్న కంచం తీసి సింకులో పెట్టడం తప్ప వంటింటితో ఆయనకి పరిచయం లేదు. మంట వెలిగించి మరిచిపోతారేమోనని అమ్మకి భయం.

"ఏవండీ, గ్యాసు జోలికి మాత్రం వెళ్లకండి."

"గ్యాసెందుకు? మైక్రోవేవ్ ఉందిగా."

అది నేను సరదాపడి కొన్నది. అప్పటిదాకా చల్లారిన కాఫీ వెచ్చబెట్టుకోవడానికే పనికొచ్చేది.

మొదటిరోజు నాన్న బంగాళాదుంపలు చేతికొచ్చినట్టు తరిగి, గాజు గిన్నెలో కుప్పగా పోసి లోపల పెట్టారట. నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది ఉడకలేదండీ" అంది. ఇంకో ముక్క కొరికి, "ఇది ఎండిపోయిందండీ" అంది. రెండూ ఒకే గిన్నెలోవి. ఆపూట ఇద్దరూ పెరుగన్నం తిన్నారు.

నాన్న చిన్నబుచ్చుకోలేదు. నేను వచ్చేసరికి దుంపముక్కలు మళ్లీ తరిగి చూస్తున్నారు, ఈసారి అన్నీ ఒకే సైజులో.

"ఉద్యోగమంతా నేను చూసింది ఇదేనమ్మా. కాలవ మొదట్లో వాళ్ల చేలకి నీళ్లు పొర్లుతాయి, శివారు చేలు ఎండుతుంటాయి. ఇందులోనూ అంతే. గిన్నె అంచుకి వేడి ముందు అందుతుంది. నడిమధ్యది శివారు. అక్కడికి చేరిందో లేదో చూసుకోవాలి," అన్నారు.

ఇక అదే పనిగా పెట్టుకున్నారు. ముక్కల మీద కాసిని నీళ్లు చల్లి, ఆవిరి పోవడానికి కాస్త సందు ఉంచి మూత వేసేవారు. సగంలో ఆపి, అంచు ముక్కల్ని మధ్యకి, మధ్యవాటిని అంచుకి తిప్పేవారు. మూత తీసేటప్పుడు ఆవిరి మొహానికి కొట్టకుండా అవతలి వైపు ఎత్తేవారు. స్టీలు గిన్నెల్నీ, బంగారు అంచు కప్పుల్నీ లోపల నిప్పురవ్వలు లేపుతాయని, పొరపాటున కూడా చేతికి రాకుండా పై అరలో పెట్టేశారు.

ఒకరోజు కోడిగుడ్డు పెంకుతో సహా లోపల పెట్టారు. ఢాం అని పేలింది.

"ఏవండీ, ఏమైంది?" గదిలోంచి అమ్మ అడిగింది.

"గుడ్డు పోయింది. నేను బాగానే ఉన్నాను."

పెట్టె లోపలంతా తుడిచింది ఆయనే. తర్వాత పెంకుతో గుడ్డు పెట్టలేదు. వంకాయలు పెట్టినా ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టనిదే తలుపు వేసేవారు కాదు.

ఒక ఆదివారం మండవల్లి నుంచి మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, అక్కని చూడటానికి వచ్చాడు. ఆయనకి చేపల చెరువులున్నాయి. కొరమీను శుభ్రం చేయించి ముక్కలు కొట్టించి తెచ్చాడు. పొయ్యి మీద నేను పులుసు పెడతానన్నాను. "ఇవాళ కూడా నాదే," అన్నారు నాన్న.

చింతపండు పులుసు, ఉల్లిముద్ద, కారం ముందు ఉడికించి, అది తెర్లాక ముక్కలు సర్దారు. మందంగా ఉన్న వైపు అంచుకి, పల్చటి వైపు లోపలికి. నడిమధ్య ఖాళీ వదిలేశారు. సగంలో తీసి ఒక్కొక్క ముక్కనీ విరక్కుండా తిప్పారు. ఇల్లంతా వాసన కమ్ముకుంది. మావయ్య కంచం ముందు కూర్చున్నాడు. ఆయనకి కైకలూరు బస్సు అందుకోవాలని తొందర.

గంట మోగాక నాన్న గిన్నె బయటపెట్టి మూత తియ్యకుండా అలాగే ఉంచారు.

"వడ్డించెయ్యండి బావగారూ."

"ఉండవయ్యా, వేడి లోపలికి దిగాలి."

కాసేపాగి అన్నిటికన్నా లావు ముక్కని స్పూనుతో ముల్లు దగ్గర విడదీశారు. లోపల కండ ఇంకా గాజులా మెరుస్తోంది. ముల్లుని వదలడం లేదు.

"కాలేదు," అని గిన్నె మళ్లీ లోపల పెట్టారు.

మావయ్యకి కాస్త కష్టమనిపించింది. "చేపల్లో పుట్టినవాణ్ణి, నేను చెబుతున్నానండీ, పర్లేదు. పులుసు పొగలు కక్కుతోంది కదా."

"పులుసుకేం, కక్కుతుంది. ముక్క లోపల చూడాలి. మీ అక్క ఆపరేషనైన మనిషి. కడుపు తేడా చేసి వాంతులైతే కంటి మీద ఒత్తిడి పడుతుంది. ఒక బస్సు పోతే ఇంకొకటి వస్తుంది, కూర్చో."

ఆయన గొంతు పెంచలేదు. అమ్మ నల్లద్దాల వెనక నుంచి నాన్న వైపే చూస్తూ ఉండిపోయింది.

ఈసారి కండ తెల్లగా, పొరలు పొరలుగా విడింది. నాన్న ముళ్లు తీసి అమ్మ కంచంలో పెట్టారు. అమ్మ తిని, "ఇంకో ముక్క వెయ్యండి," అంది. మా ఇంట్లో అంతకన్నా పెద్ద మెప్పు లేదు. మావయ్య మారు వడ్డించుకుని, తర్వాతి బస్సుకి తీరుబడిగా వెళ్లాడు.

మిగిలిన పులుసు నాన్న ఎక్కువసేపు బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టారు. మర్నాడు కావలసినంతే తీసి, మధ్యలో కలిపి, అంతా పొగలొచ్చేదాకా వేడిచేశారు.

మా పక్కింట్లో టైలరింగ్ షాపు నడిపే ముస్లిం కుటుంబం ఉండేది. వాళ్లమ్మాయి పురిటికొచ్చి మగబిడ్డని కంది. ఒకరోజు ఆ ఇంటావిడ గుమ్మం దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, పసివాడి పాలసీసా మీ పెట్టెలో కాస్త వెచ్చబెట్టి ఇస్తారా?" అని అడిగింది.

"అందులో వద్దమ్మా. సీసా చేతికి చల్లగానే ఉంటుంది, పాలు లోపల ఒకచోట మండిపోతుంటాయి. వేన్నీళ్ల గిన్నెలో సీసా పెట్టండి. బాగా కదిపి, చుక్క మణికట్టు మీద వేసుకుని చూశాకే పట్టండి," అన్నారు నాన్న. అడిగింది కాదనేశానని నొచ్చుకుని, వేన్నీళ్లు ఆయనే మైక్రోవేవ్‌లో కాచి ఇచ్చారు.

చాలామందికి కొత్త వస్తువు వస్తే ముచ్చట, పాడైతే విసుగు. నాన్న దాని గుణం కనిపెట్టి, దానికి తగ్గట్టు నడుచుకున్నారు. ఆ ఓపిక ఆయనలో ఉందని అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను గమనించలేదు.

డాక్టరుగారు సరేనన్నాక అమ్మ వంటింట్లోకి వచ్చింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ మైక్రోవేవ్ ముందు నిలబడి ఉన్నారు. అమ్మ బెండకాయ ముక్కలు పళ్లెంలో సర్దుతోంది.

"కాసిని నీళ్లు చల్లు," అన్నారు నాన్న.

"చల్లుతున్నానండీ. మీరు కాస్త పక్కకి జరిగితే కనపడుతుంది."