నూకరత్నం ఎల్ల వెళ్ళిన వైనం

మా వీధిలో రాజాబాబు భార్య నూకరత్నం గురించి చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే చదివి నవ్వుకోండి. రెండూ నాకు లాభమే.

ముందు రాజాబాబు సంగతి. నర్సీపట్నంలో బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన "రైట్ రైట్" అంటే బస్సే కాదు, లంబసింగి దారిలో అడ్డంగా పడుకున్న మంచు కూడా లేచి పక్కకి జరిగేదని జనం చెప్పుకునేవారు. చెప్పుకున్నవాళ్ళలో నేనే ఎక్కువ అనుకోండి. బస్సు దిగిపోయినా ఆయనలోని కండక్టరు మాత్రం దిగలేదు. పెళ్ళి భోజనాల దగ్గర కూడా "ముందుకి జరగండి, ముందర ఖాళీ ఉంది" అంటాడు.

అలాంటి మనిషితో తిరిగిన నూకరత్నానికి ఎక్కమంటే ఎక్కడం, దిగమంటే దిగడం తప్ప ప్రయాణంలో వేరే పని ఉండేది కాదు. ఒకే ఒక్కసారి ఒంటరిగా రోలుగుంటలో పెళ్ళికని బయలుదేరింది. మాకవరపాలెంలో దిగి, అక్కడ ఎవరిదో పెళ్ళిలో భోంచేసి, చదివింపులు కూడా చదివించి వచ్చింది. ఈ కథ ఊరంతా చాటింది మొగుడే. ఆమె తొణకలేదు. "వంకాయ కూర బాగుంది. రోలుగుంటోళ్ళు అంత బాగా పెట్టలేదట" అని ఊరుకుంది.

కానీ ఆ వంకాయ కూరే ఆమెకు అడ్డొచ్చింది. వీధిలోని పొదుపు సంఘం ఆడవాళ్ళు మైసూరు, ఊటీ చూసి రావాలనుకున్నారు. ముందుండి నడపడానికి నూకరత్నమే కావాలన్నారు. ఆమెకూ అదే కోరిక. వాళ్ళ ఇళ్ళల్లో మగవాళ్ళు మాత్రం మాకవరపాలెం పేరెత్తి నవ్వారు. రాజాబాబు తానే దగ్గరుండి తీసుకెళతానన్నాడు.

పక్కింటి సత్యలక్ష్మి కుండ బద్దలు కొట్టింది. "అన్నయ్యగారూ, మీరొస్తే అది టూరు కాదండీ, డ్యూటీ."

అప్పటికే మొగుడూ పెళ్ళాలిద్దరూ శ్రీలంక వెళ్ళి, అక్కడి కొండల రైలెక్కాలని అన్నీ కుదుర్చుకుని ఉన్నారు. నూకరత్నం ఆ రోజే నలుగురి ముందూ పందెం వేసింది.

"ఈ లంక టూరు నాను నడుపుతాను. కాండీలో రైలెక్కించి, ఎల్ల అనే ఊళ్ళో ఇద్దర్నీ దింపుతాను. స్టేషను తప్పేనంటే మైసూరు మాట ఎత్తను. తప్పకపోతే మగోళ్ళెవరూ నోరెత్తకూడదు."

"మరి నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు రాజాబాబు.

"పేసింజరులాగ కూకోండి. మీ ఫోను నా సంచిలో ఉంటాది. మేపులు సూడకూడదు. ఎక్కు అనకూడదు, దిగు అనకూడదు."

"రైట్ అనొచ్చా?"

"అనకూడదు."

మా కాన్వెంటులో సిస్టర్లు లంకను మామిడి పిందెలా గీయమనేవారు. ఆ పిందెలో అన్ని కొండలున్నాయని మాకెవరూ చెప్పలేదు.

కాండీలో రైలెక్కగానే నూకరత్నం చేసిన మొదటి పని, ఎదురు సీట్లో కూర్చున్న తెల్లజుట్టు ముసలావిడకు తన టికెట్టు చూపించి "ఎల్ల?" అనడం. ఆవిడ తన టికెట్టు తీసి చూపించి "ఎల్ల" అంది. భాష అక్కడితో సరిపోయింది. ఈమె చేగోడీలు పెట్టింది, ఆవిడ కొబ్బరి రొట్టె పెట్టింది.

"ఈవిడ లేసినప్పుడు మనం లేస్తాం. అంతే" అని నూకరత్నం మొగుడికి చెప్పింది.

రైలు తేయాకు తోటల మధ్య వంకర్లు తిరుగుతూ కొండెక్కింది. ఒకచోట మేఘం ఒకటి కిటికీలోంచి లోపలికొచ్చి, సీటు దొరక్క అవతలి కిటికీలోంచి వెళ్ళిపోయిందట. నూకరత్నం ఆ చల్లదనానికి కళ్ళు మూసుకుని నవ్వింది. రాజాబాబుకి కొండలు కనపడలేదు. లోపల ఖాళీ ఉన్నా తలుపు దగ్గర వేలాడుతున్న జనమే కనపడ్డారు. వాళ్ళను లోపలికి జరగమనలేక పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

అలా వెళ్ళి వెళ్ళి నానుఓయ అనే స్టేషనులో రైలు ఆగింది. అక్కడికి కొంత దూరంలో నువరెలియ అనే పెద్ద ఊరుంది. ఆ ఊళ్ళోకి రైలు పోదు కాబట్టి అందరూ ఇక్కడ దిగి వ్యాన్లెక్కాలి. వ్యాన్లవాళ్ళు ప్లాట్‌ఫారం మీదికొచ్చి "నువరెలియ! నువరెలియ!" అని కేకలు పెడుతున్నారు. పెట్టె సగం ఖాళీ అయిపోతోంది.

ఆ కేక రాజాబాబు చెవికి "నువ్వెల్లయ్యా! నువ్వెల్లయ్యా!" అని వినపడింది. అందులో ఎల్ల ఉంది. పైగా తెలుగులో ఉంది. పైగా తనతోనే అంటున్నారు.

"లెగే, దిగు! ఎల్ల వచ్చీసింది!"

"మీరు మాటాడకూడదు."

"మాటాడకపోతే అడివిలో పడతాం. ఆళ్ళు గొంతు సించుకుంతన్నారు, ఇనపడతం లేదేటి?"

"బోర్డు మీద ఎల్ల అని లేదండీ. నాను అని ఏదో ఉంది."

"మన నర్సీపట్నం రోడ్డు టేసన్లో నర్సీపట్నం ఉందేటే?"

ఈ ప్రశ్నకు మన ఊరివాడెవడూ జవాబు చెప్పలేడు. మన ఊరి పేరు పెట్టుకున్న ఆ స్టేషనులో దిగినవాడు మన ఊరు చూడాలంటే, మళ్ళీ బస్సెక్కి ఒక కునుకు తీయాలి. పేరున్నచోట ఊరుండదన్నది మనకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం. నూకరత్నం కూడా తడబడింది. తప్పితే మైసూరు పోయినట్టే. ఎదుటావిడ వైపు చూసింది. ఆవిడ చెప్పులు విప్పి, సీటు మీద కాళ్ళు మడుచుకుని, హాయిగా గుర్రు పెడుతోంది.

"ఆవిడ లెగలేదు. నానూ లెగను."

"ఆవిడ తొంగుందే!"

"ఎల్ల టికెట్టు పెట్టుకుని ఇంత దిలాసాగా తొంగుందంటే ఎల్ల ఇంకా దూరమేనండీ. కూకోండి."

రాజాబాబు కూర్చోలేదు. తను దిగితే ఆమె కూడా దిగుతుందని సూట్‌కేసు పట్టుకుని దూకేశాడు. కిందనుంచి "బేగి దిగు!" అని అరిచాడు. ఆ తొందరలో, ఏళ్ళ తరబడి పడిన అలవాటు చొప్పున, రైలు పెట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

రైలు కదిలిపోయింది.

నూకరత్నం ఏడ్చిందని రాజాబాబు చెబుతాడు. అప్పుడు ఆయన రైల్లో లేడు కాబట్టి ఆ మాటకు విలువ లేదు. ఆమె చేసిందల్లా, నేరుగా గార్డు దగ్గరికి వెళ్ళి, తనకొచ్చిన ఇంగ్లీషంతా ఒక్కచోట పోగుచేసి ఇలా అనడం:

"హస్బెండ్ డౌన్. ట్రైన్ గో."

గార్డు వెంటనే నానుఓయకు ఫోను చేశాడు. మనిషి ఎలా ఉంటాడని అక్కడివాళ్ళు అడిగారు. ఆమె తన ఫోనులో ఫొటో వెతకబోయి ఆగిపోయింది. పొట్టా, పొడుగా అన్నవి ఎందుకు? మొగుడు ఖాళీగా నిలబడే రకం కాదని ఆమెకు తెలుసు. చేతులూపుతూ జనాన్ని బండెక్కిస్తున్నట్టు నటించి, "కమ్ కమ్, సిట్ సిట్, రైట్ రైట్" అంది.

గార్డు ఆ మాటే ఫోనులో అప్పజెప్పాడు. కాసేపటికి ఫోను చెవిన పెట్టుకునే పగలబడి నవ్వాడు. స్టేషను బయట అలాంటివాడొకడు ఉన్నాడట. ఎల్ల బండి ఏదని అడుగుతూ అడుగుతూనే, ఆగలేక వ్యాన్లు నింపి పంపించేస్తున్నాడట. డ్రైవర్లు కుర్చీ వేసి టీ ఇచ్చారట. ఆయన నింపిన వ్యాన్లు పదమూడని నేనూ, మూడని రాజాబాబూ చాలా కాలం వాదించుకుని, చివరికి ఏడు దగ్గర రాజీపడ్డాం.

ఆయన్ని తరవాతి రైలెక్కించమని గార్డు చెప్పాడు. నూకరత్నం వెనక్కొచ్చి తన కిటికీ దగ్గర కూర్చుని మిగిలిన కొండలన్నీ చూసింది. ముసలావిడ మెలకువ వచ్చి చెప్పులు తొడుక్కున్నప్పుడు తనూ లేచింది. బయట బోర్డు మీద ఎల్ల అని ఉంది. ముసలావిడకు దణ్ణం పెట్టి, ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చుంది.

సాయంత్రం రైలు దిగిన రాజాబాబు సూట్‌కేసు కింద పెట్టి చుట్టూ చూశాడు. "ఊరు స్టేషను పక్కనే ఉందేటే!" అన్నాడు, అదేదో అన్యాయమైనట్టు.

"నాను స్టేషను తప్పేనా?"

"తప్పలేదు."

"మీరు ఎల్లలో దిగారా, లేదా?"

"దిగాను."

"అయితే పదండి, ఆకలేస్తంది."

తిరిగొచ్చాక ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది రాజాబాబే. మగవాళ్ళందరూ అరుగు మీద కూర్చుని "ఏటి, ఏ పెళ్ళిలో బోంచేసింది?" అని వేళాకోళమాడితే, ఆయన లేచి నిలబడి అన్నాడు:

"దిగకూడని సోట దిగినోడిని నాను. అది దిగలేదు. మీ ఆడోళ్ళని దాని ఎంట పంపడానికి భయమైతే, నా ఎంట అసలు పంపకండి."

ఇక మైసూరుకి ఏ నెలలో వెళ్ళాలన్నది తప్ప చర్చ లేకపోయింది. ఊటీలో చలిగా ఉంటుందని నూకరత్నం ఆడవాళ్ళందరినీ స్వెటర్లు కొనుక్కోమంది.

"మరి నాకో?" అన్నాడు రాజాబాబు ఆశగా.

"మీకెందుకండీ? నర్సీపట్నంలో ఉక్కపోత కదా" అంది.