తిరుపతిరావుగారి రెండు ముక్కలు

తిరుపతిరావుగారు "రెండు ముక్కల్లో చెప్పేస్తాను" అన్నారంటే బెజవాడలో పని ఉన్నవాడెవడూ అక్కడ నిలబడడు. మొదటి ముక్క ఎప్పుడూ ఒకటే. యుద్ధం అయిపోయింది, సైన్యానికి సరుకులమ్ముకుని బతికిన ఊరు చతికిలబడింది, దాన్ని మళ్ళీ లేవదీయాలి. ఎలా లేవదీయాలో చెప్పడం మొదలుపెడితే పొద్దు వాలిపోతుంది. రెండో ముక్క విన్నవాడు నాకు తెలిసి ఈ ఊళ్ళో లేడు.

పారిపోయే వీలు లేనివాణ్ణి నేనొక్కణ్ణే. మగ్గాల సందు మొదట్లో నా దుకాణం. మగ్గాలకు కావలసిన చెక్కపని చేస్తాను. మనిషన్నవాడు చేత్తో బతకాలి, నోటితో కాదు అని నా నమ్మకం. అలాంటి నా దుకాణంలో, నేను చేసుకున్న పీట మీదే, ఆయన రోజూ వచ్చి కూర్చునేవారు.

"మేస్త్రీ, ఈ ఊళ్ళో ఎన్ని రైళ్ళు ఆగుతున్నాయో చూశావా?"

"నాకెక్కడ తీరుతుందండీ."

"మద్రాసు పోయేవాడూ కలకత్తా పోయేవాడూ ఇక్కడ దిగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కుతున్నాడు. వాడి దాహం తీరింది. మనకేం మిగిలింది? దిగినవాడల్లా ఒక జాడీ ఆవకాయ కొనాలని రూలు పెట్టిస్తాను."

"కొననంటే?"

"రైలు కదలదు."

"అన్ని జాడీలు ఎవరు చేస్తారండీ?"

"అవి వివరాలు. వివరాలు తర్వాత."

చేసే చెయ్యి ఎవరిదో తెలియకుండానే పథకం అనేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెక్క మీద చిత్రికను కాస్త గట్టిగా తోసేవాణ్ణి. పొట్టు ఎగిరి ఆయన కండువా మీద పడేది. ఆయన దులుపుకుని, పొట్టుతో ఏం పరిశ్రమ పెట్టవచ్చో చెప్పేవారు.

మరోనాడు మన ఎండే మన మూలధనం అన్నారు. ఇంత ఎండ ఇంకే ఊరికీ లేదు కాబట్టి ప్రతి డాబా మీదా అప్పడాలు ఎండబెట్టి బొంబాయి దాకా పంపాలట. ఆ మాటే నేను వాళ్ళావిడ పద్మావతమ్మగారితో అంటే ఆవిడ నవ్వింది.

"ఈయన మొదలుపెట్టగానే నేను మినప్పప్పు నానబోస్తానన్నయ్యా. అది నాని, రుబ్బి, గారెలు వేగేసరికి ఒక పథకం అవుతుంది. తినడానికి కూర్చుని ఇంకోటి ఎత్తుకుంటారు."

అంతటితో ఆగితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. మునిసిపల్ ఎన్నికలొచ్చాయి, ఆయన మా వార్డుకు నిలబడ్డారు. సొంత ఇల్లుండి పన్ను కట్టేవాడికే ఓటు. మా సందులో అందరూ అద్దె కొంపల్లో ఉండే నేతగాళ్ళే. ఆయన సభలన్నీ మా సందులోనే.

"ఇక్కడ మీకొక్క ఓటు లేదు కదండీ. ఓట్లున్న వీధికి పోయి మాట్లాడండి" అన్నాను.

"ఓటు లేనివాడికి చెవులు లేవా, మేస్త్రీ?"

"చెవులుండబట్టే బతిమాలుతున్నాను."

ఆయన మీద పోటీ చేసింది బియ్యం మిల్లు పాండురంగయ్యగారు. ఈయన నోరు విప్పడు, బ్యాండు పెట్టిస్తాడు. నాకు ఇద్దరి మీదా కోపమే.

పోలింగు రోజు మా సందుకు మామూలు రోజే. పొద్దున్నే చౌడేశ్వరమ్మ, ఆమె కోడలు సందు పొడవునా పడుగు చాపారు. నిలువు పోగులన్నీ బారుగా లాగి కట్టి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. తడి మీద చుట్టేస్తే పోగుకు పోగు అంటుకుని మొత్తం నాశనం. ఆ రేషను నూలు కంట్రోలు డిపో దగ్గర వారాల తరబడి పడిగాపులు కాసి తెచ్చుకున్నది. మళ్ళీ ఎప్పుడిస్తారో ఇచ్చేవాడికే తెలియదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పడుగు మగ్గమెక్కాలి.

సరిగ్గా అప్పుడే పాండురంగయ్యగారి ఊరేగింపు సందులోకి తిరిగింది. పోలింగు బంగళాకు అది అడ్డదారి.

"పక్క సందులోంచి పోండి బాబూ. కాసేపటికి ఆరిపోద్ది" అంది చౌడేశ్వరమ్మ.

"గెలవడానికి బయల్దేరిన ఊరేగింపు వెనక్కి తిరిగితే అపశకునం. తీసెయ్యవే ముసలమ్మా" అన్నాడు ముందు నడిచేవాడు.

నేను ఉలి చేత్తో పట్టుకునే వెళ్ళి అడ్డం నిలబడ్డాను. నలుగురు కలిసి నన్ను నా దుకాణంలోకే మోసుకొచ్చి దింపారు.

అంతలో తిరుపతిరావుగారి జట్కా వచ్చి ఆగింది. ఓటర్లను పిలవడానికి పోతున్నారు. మా ఊళ్ళో ఓటరు తనంత తాను కదలడు. అభ్యర్థే గుమ్మంలోకి వచ్చి పిలిచి జట్కా ఎక్కించాలి. ఆలస్యమైతే అలుగుతాడు, లేదా ముందొచ్చినవాడి జట్కా ఎక్కుతాడు. ఆయన దిగి, తన కోసం తెచ్చుకున్న బంతిపూల దండ తీసి పాండురంగయ్యగారి మెడలో వేశారు.

"ప్రత్యర్థినైనా పెద్దల్ని గౌరవించకుండా ముందుకు పోలేనండీ. రెండు ముక్కలు."

ఇప్పుడు కూడానా అని పళ్ళు నూరాను. "అవతల మీ ఓటర్లు అరుగుల మీద కాచుక్కూర్చున్నారు, పోండి రావుగారూ" అని అరిచాను. ఆయన నావైపు చూడనైనా లేదు.

దండ వేయించుకున్నవాడు పొగడ్త పూర్తయ్యేదాకా చేతులు జోడించి నిలబడాలి. పాండురంగయ్యగారు నిలబడ్డాడు. తిరుపతిరావుగారు ఆయన తాతగారితో మొదలుపెట్టారు. ఆ తాతగారు ఊళ్ళోకి వచ్చిన నాటి వాన, ఎక్కి వచ్చిన పడవ, పడవవాడి మంచితనం.

"పోదామండీ" అని వాళ్ళ మనిషెవరో పాండురంగయ్యగారి చెవిలో గొణిగాడు.

"ఆగవయ్యా, ఇంకా మా నాన్నగారి దగ్గరకే రాలేదు."

బ్యాండువాళ్ళు నీడ చూసుకుని కూర్చున్నారు. డోలువాడు డోలు మీద తలపెట్టి కునుకు తీశాడు. నాన్నగారయ్యారు, మిల్లు అయింది, తవుడు వచ్చింది. తవుడుతో ఊరిని లేవదీయడం మొదలైంది. అత్తాకోడళ్ళు మాత్రం ఆ చివరికీ ఈ చివరికీ కుంచె తోస్తూనే ఉన్నారు. పడుగు ఆరింది. చుట్ట చుట్టి ఇంట్లోకి మోసుకుపోయారు.

"కాబట్టి మన తవుడు నుంచి" అంటున్న తిరుపతిరావుగారు ఠక్కున ఆగి నమస్కారం పెట్టారు. "ఇంతేనండీ. సెలవు."

వాక్యం మధ్యలో ఆయన ఆగడం ఊరు చూసింది అదే మొదలు. పాండురంగయ్యగారే తెల్లబోయాడు.

"తవుడు నుంచి ఏం వస్తుందన్నారు?"

"తర్వాత మనవి చేస్తాను. దయచేయండి, దారి ఖాళీ అయింది."

తిరుపతిరావుగారు ఓటర్ల వీధికి చేరేసరికి కొందరు ఓటర్లు భోంచేసి పడుకున్నారు. మిగతావాళ్ళు అవతలివారి జట్కాల్లో వెళ్ళిపోయారు. ఆయన ఓడిపోయారు, అదీ చిత్తుగా.

మర్నాడు నా పీట మీద కూర్చున్నారు.

"ఓటు లేని సందు కోసం అంత గొంతు చించుకున్నారే, ఏం మిగిలిందండీ?" అని నిలదీశాను.

"అదేంటి మేస్త్రీ, పాండురంగయ్య అంతటివాణ్ణి ఎండలో నిలబెట్టి నా పథకం వినిపించాను. డబ్బిచ్చినా ఆయన వినేవాడా?"

అప్పుడే చౌడేశ్వరమ్మ వచ్చింది. "పడుగు మగ్గమెక్కిందయ్యా. మా కోసం ఈయనతో తగువెందుకు పెట్టుకుంటావ్? రావుగారూ, మా ఇంటికొచ్చి చెప్పండి బాబూ. నేను వింటా" అని వెంటబెట్టుకుని పోయింది.

ఇప్పుడాయన రోజూ ఆ మగ్గం పక్కనే. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడులో చౌడేశ్వరమ్మకు ఒక్క మాటా వినపడదు. నేసేటప్పుడు తల ముందుకూ వెనక్కీ ఊగుతుంది కదా, ప్రతి పథకానికీ ఆమె తలూపుతోందని ఆయన సంబరం. నా దుకాణంలో పీట ఖాళీ. పని వేళకు అయిపోతోంది. ఇదేం న్యాయమో నాకర్థం కాదు.

మొన్న ఉండబట్టలేక నేనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇప్పుడు కాదు మేస్త్రీ, సభ జరుగుతోంది" అన్నారు.