సోమప్ప దారాల పలక

ధర్మవరంలో నేను గ్రంథాలయం చూసుకునే రోజుల్లో పుస్తకాల కోసం వచ్చేవాళ్ళకంటే ఫ్యాను గాలి కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. పేపరు తిరగేసి, కాసేపు కునుకు తీసి వెళ్ళిపోయేవాళ్ళు. అలాంటి ఒక మధ్యాహ్నం నలభై ఏళ్ళ మనిషి ఒకడు చెప్పులు బయట విడిచి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

“సార్, రంగు యాడ ఉంటాది? దారంలో ఉంటాదా, కంట్లో ఉంటాదా?”

ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం తీసి ఇచ్చాను. నెల తిరిగాక దాన్ని అట్ట వేసి మరీ తెచ్చి ఇచ్చాడు. “వెలుతురు గురించి బాగా చెప్పినారు సార్. నాకు కనపడేదాని గురించి ఒక్క ముక్క గూడా చెప్పలేదు,” అన్నాడు.

అతని పేరు సోమప్ప. పట్టుచీరలు నేస్తాడు. తర్వాత పన్నెండేళ్ళలో అతను నాకు కొంచెం కొంచెంగా చెప్పింది ఇది.

సోమప్ప పదమూడేళ్ళకే బడి మానేసి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. తల్లి కదిరమ్మ కండెలకు దారం చుట్టి ఇచ్చేది. మొదటి వారంలోనే ఒకరోజు ఆమె పచ్చ కండె తెమ్మంటే కాఫీపొడి రంగుది తెచ్చాడు. మళ్ళీ పంపితే మళ్ళీ అదే తెచ్చాడు. కదిరమ్మ తిట్టలేదు, నవ్వలేదు. మర్నాటి నుంచి ప్రతి కండె పుల్ల మీద కత్తితో పెట్టిన గాట్లు కనిపించాయి. ఎరుపుకు ఒకటి, పచ్చకు రెండు, కాఫీపొడికి మూడు. “ఎవురితోనూ చెప్పొద్దు నాయనా,” అని ఒక్కసారే అంది. ఆ తర్వాత తల్లీకొడుకుల మధ్య ఆ మాట రాలేదు.

గాట్లు వేలికి తగిలితే చాలు, సోమప్ప ఎంత కష్టమైన బుటా అయినా నేసేవాడు. మంచి పనివాడని పేరొచ్చింది. భారతితో పెళ్ళయింది, కూతురు పుట్టింది. భారతికి కూడా అతను ఈ సంగతి చెప్పలేదు. కదిరమ్మ బతికినన్నాళ్ళూ కండెలు తనే చుట్టింది.

ఆమె చనిపోయిన ఏడాది ఎండాకాలంలో, పాత పుల్లలు విరిగిపోతున్నాయని భారతి ప్లాస్టిక్ కండెలు కొనుక్కొచ్చింది. నున్నగా, అన్నీ ఒకేలా ఉన్నాయి. సోమప్ప వాటిని వెలుతురులోకి ఎత్తి చూసేవాడు, వాసన చూసేవాడు, “ఆ పచ్చది ఇట్లియ్యి” అని భార్య చేతనే అందించుకునేవాడు. కొన్నాళ్ళు అలా గడిచింది. ఒక మధ్యాహ్నం ఆమె నీళ్ళకు పోయి వచ్చేసరికి కొంగు జానెడు నేసేసి ఉన్నాడు.

“ఏమయ్యా ఇది! పచ్చ కొంగుకు కాఫీపొడి రంగు ఏసినావు?”

“రెండూ ఒకటే గదా?” అనేశాడు సోమప్ప. నోరు జారాక ఇక దాచడానికేమీ మిగల్లేదు. అంతా చెప్పాడు.

భారతి చాలాసేపు అతని కళ్ళలోకి చూసింది. “అయితే నా కుంకుమ నీకెట్ల కనపడ్తాది?”

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. “తడి మట్టి మాదిరి,” అన్నాడు.

ఆమె మగ్గం పక్కన కూర్చుని తప్పు నేసిన పోగులు తీయడం మొదలుపెట్టింది. చీకటి పడేదాకా ఇద్దరూ తీశారు.

అనంతపురంలో కంటి డాక్టరు చుక్కలు చుక్కలుగా ఉన్న పుస్తకం తెరిచి, అందులో అంకెలు చదవమన్నాడు. సోమప్పకు సగం పేజీల్లో చుక్కలే తప్ప అంకెలు కనబడలేదు. “ఇది పుట్టుకతో వచ్చింది. మందు లేదు, ప్రమాదమూ లేదు. తల్లి వైపు నుంచి వస్తుంది. మీ అమ్మ తండ్రికి ఉండి ఉండొచ్చు,” అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో సోమప్పకు తాత గుర్తొచ్చాడు. ఆయనా నేతగాడే. తన చిన్నతనంలో ఆయనకు కండెలు చుట్టింది కదిరమ్మే. అంటే ఆ గాట్లు తన కోసం ఆలోచించి పెట్టినవి కావు. వాటిని ఆమె అప్పటికే ఒకసారి వేరే మనిషి కోసం పెట్టి ఉంటుంది. రంగులు కలిసిపోయే ఇద్దరు మగవాళ్ళ మధ్య బతికింది. ‘నీకేం కనపడ్తాది నాయనా’ అని వాళ్ళ నాయననైనా అడిగిందో లేదో! ఇప్పుడు ఆమెను అడగడానికి లేదు.

“ఆ బస్సులోనే మొదలైంది సార్,” అనేవాడు సోమప్ప.

మొదలైనది ఏమిటంటే, ఒక చెక్క పలక. దాని మీద అరవై నాలుగు మేకులు. రంగులద్దే ఐజాక్ దగ్గర ఏడాది పాటు తిరిగి, ఎరుపు నుంచి పచ్చ దాకా, పచ్చ నుంచి నీలం దాకా, గులాబీ, కాఫీపొడి, బూడిద రంగులు కూడా కలుపుకుని, మెట్టు మెట్టుగా అరవై నాలుగు ఛాయల్లో పట్టు దారం అద్దించాడు. ఐజాక్ మొదట నవ్వినా తర్వాత పంతం పట్టాడు. చుక్క రంగు ఎక్కువైతే పారబోసి మళ్ళీ అద్దేవాడు. ప్రతి దారానికీ వెనక ఒక అంకె. ఆ దారాలు ఎదుటి మనిషి ముందు కుప్పగా పోసి, ఒకేలా ఉన్నవాటిని పక్కపక్కన తగిలించమని అడగాలి. తర్వాత ఒక్కోదాని పేరు చెప్పమనాలి. అంతే పరీక్ష.

అమావాస్యకు మగ్గం ఆపుతారు కాబట్టి నెలకు ఒక్కరోజే దొరికేది. ఆ రోజు పొద్దున్నే సంచి తగిలించుకుని బస్సెక్కేవాడు. ఒకసారి శింగనమల, ఇంకోసారి కంబదూరు, ఎక్కడ దిగబుద్ధయితే అక్కడ. దిగి, టీ బంకు దగ్గరో పాలకేంద్రం దగ్గరో పలక పరిచేవాడు.

“ఏం పథకమప్పా ఇది?” అని మూగేవాళ్ళు.

“పథకమేం లేదన్నా. మీ కన్ను ఎట్ల చూస్తాదో రాసుకుంటాండా.”

పథకం కాదనగానే సగం మంది వెళ్ళిపోయేవాళ్ళు. ఒకసారి పోలీసులు ఏ పార్టీ సర్వే అని గంటసేపు కూర్చోబెట్టారు. చివరికి కానిస్టేబులు కూడా దారాలు పేర్చి వెళ్ళాడు. అతనిది నూట తొమ్మిదో నంబరు.

శింగనమలలో ఒక ముసలమ్మ, పచ్చవి అన్నీ ఏరమంటే పసుపువీ ఆకురంగువీ కలిపి ఒకే వరసగా పెట్టింది. సోమప్ప ఆ వరస మీదకు వంగాడు. తనలాంటి కళ్ళే అనుకున్నాడు.

“అవ్వా, ఈ రెండూ నీకు ఒకటేనా?”

“ఒకటెట్లయితాదప్పా? ఇది పసుపుపచ్చ, ఇది ఆకుపచ్చ. రెండూ పచ్చే గదా!”

ఆ సాయంత్రం నోటుపుస్తకంలో రాసుకున్నది నేను చూశాను. ‘ఆమెకు పేరు ఒకటి, చూపు రెండు. నాకు పేర్లు రెండు, చూపు ఒకటి. పేరు కలిసినంత మాత్రాన చూపు కలిసినట్టు కాదు. మరి అందరూ ఎరుపు అంటున్నప్పుడు అందరూ చూసేది ఒకటేనని ఎవరు చూసి వచ్చారు?’

నేను నాకు దొరికిన పుస్తకాలన్నీ ఇచ్చాను. కంటి నిర్మాణం, మనస్సు, మాయ, ప్రమాణం, ఏది దొరికితే అది. అన్నీ చదివాడు. పెద్ద ఊళ్ళలోని మూడు విశ్వవిద్యాలయాలకు తెలుగులో ఉత్తరాలు రాశాడు. ఒక్క జవాబూ రాలేదు. ఇంట్లో మాట్లాడటానికి ధైర్యం చాలేది కాదు. నేను వినేవాణ్ణే గానీ, నిజం చెప్పాలంటే, చాలాసార్లు వింటున్నట్టు తలూపేవాణ్ణి. అతనికి అది తెలుసని ఇప్పుడనిపిస్తుంది.

ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే సునంద గారికి నేనే అతని సంగతి చెప్పాను. ఆమె ఎంతో ఇష్టంగా, విద్యార్థుల ముందు మాట్లాడమని పిలిచారు. సోమప్ప ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. పలక తీసి పది నిమిషాలు మాట్లాడాడో లేదో, వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి చున్నీ ఎత్తి పట్టుకుంది. “అంకుల్, ఇది ఏం కలర్?”

“నాకు మట్టి రంగు మాదిరి ఉండాది. మీరు పచ్చ అంటారనుకుంటా.”

నవ్వులు. ఇంకో చున్నీ, ఇంకో పెన్ను, ఇంకో బ్యాగు. అన్నిటికీ నిజమే చెప్పాడు. సునంద గారు ఎంత అరిచినా ఆగలేదు. ఎవరో అదంతా ఫోన్లో తీసి, ‘రంగులు తెలియని నేతగాడు’ అని పెట్టారు. వారంలో ఊరంతా తిరిగింది.

చీరలు నేయించుకునే షావుకారు అతన్ని పిలిపించాడు. “నీ పని మీద నాకు అనుమానం లేదప్పా. కొనేవాళ్ళకు ఉంటాది,” అన్నాడు. అప్పటినుంచి సోమప్పకు నేయడానికి మీగడ రంగు చీరలే ఇచ్చాడు. పొద్దస్తమానం ఒకటే రంగు. ముప్పై ఏళ్ళుగా వేళ్ళతో నేర్చుకున్న బుటాలు, కొంగులు అన్నీ పక్కింటి మగ్గాలకు పోయాయి. అయినా సోమప్ప అమావాస్యకు బస్సెక్కడం మానలేదు.

అలా కంబదూరు దగ్గర దొరికాడు పుల్లన్న. గొర్రెలు మేపేవాడు. అతనిది ఐదు వందల డెబ్బై రెండో నంబరు. అప్పటికి మగవాళ్ళలో రంగులు కలిసిపోయేవాళ్ళు పదముగ్గురు దొరికారు గానీ, ఎవరి వరస వాళ్ళదే. పుల్లన్న మాత్రం అరవై నాలుగు దారాలనూ అచ్చం సోమప్ప పెట్టినట్టే పెట్టాడు. ఒక్కటీ తేడా లేదు. సోమప్ప వెనక అంకెలు రెండుసార్లు సరిచూసుకున్నాడట.

ఇద్దరూ గుట్ట వాలులో ఒక బండ మీద కూర్చున్నారు. ఎదురుగా వేరుశనగ చేలు, పూత సమయంలో వాన రాక వాడిపోయి ఉన్నాయి.

“పుల్లన్నా, ఆ చేను నీకెట్ల కనపడ్తాది?”

“ఎండిపోయింది గదన్నా.”

“రంగు?”

“చేను రంగే.”

“ఎరుపంటే నీకెట్లుంటాది?”

పుల్లన్న నిజంగానే ఆలోచించాడు. తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. “ఎట్లంటే... ఎరుపు మాదిరి ఉంటాది. ఇంకెట్ల చెప్పేది? నీకెట్లుంటాదో నువ్వు చెప్పన్నా.”

సోమప్ప నోరు తెరిచాడు. పుస్తకాలన్నీ చదివినవాడు, వందలమందిని అడిగినవాడు, తన ఎరుపు ఎట్లుంటుందో చెప్పలేకపోయాడు. గొర్రెలు దూరం పోతాండాయని పుల్లన్న లేచి వెళ్ళాడు.

“నా మాదిరి కళ్ళుండే మనిషి ఒక్కడు దొరికితే చాలనుకుంటి సార్. దొరికినాడు. పక్కన కూర్చున్నా వాడు చూసేది నాకు తెలీలే.” ఈ మాట చెప్పినప్పుడు సోమప్ప నా వైపు చూడలేదు. తర్వాత రెండు అమావాస్యలు ఎక్కడికీ పోలేదు.

మూడో అమావాస్య నాడు భారతి పలక తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఊరూరా అందర్నీ అడిగితివి. నన్ను ఎప్పుడూ అడగలేదు. ఎందుకు?”

“నువ్వు చూసేది నాకు ఎప్పటికీ కనపడదని తేలిపోతాదేమో అని భయం,” అన్నాడు సోమప్ప.

ఆమె దారాలు కుప్ప పోసుకుని, తొందరపడకుండా పేర్చింది. ఐజాక్ అద్దిన క్రమంలోనే, ఒక్క తప్పు లేకుండా వచ్చాయి. అతను నంబరు వేసి రాసుకున్నాడు. అప్పుడామె అన్నీ తీసేసి, “ఇప్పుడు నువ్వు పెట్టు,” అంది. పెట్టాడు. కాఫీపొడి పక్కన పచ్చ, గులాబీ పక్కన బూడిద రంగు. భారతి ఆ వరసల ముందు పొయ్యి మీది అన్నం సంగతి కూడా మరిచి కూర్చుంది. ఒకసారి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది, ఒకసారి కళ్ళు సగం మూసి చూసింది. చివరికి, “నీ మాదిరి చూసేది నాకు రావడం లేదు,” అని మాత్రం అంది. ఆ పలకను గోడకు ఆనించి అలాగే ఉంచింది. పదిరోజులు దాన్ని కదపనివ్వలేదట.

నేను ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్ళయింది. మొన్నొక పొద్దున బస్టాండులో సోమప్ప కనిపించాడు. సంచి భుజాన ఉంది. చిలమత్తూరు పోతున్నానన్నాడు. ఈసారి ఎవర్నీ రంగుల పేర్లు అడగడట. మీగడ రంగులోనే ఇరవై ఛాయలు అద్దించాడు, అవి చూపిస్తాడట. ఆ రంగులో తన కన్ను అందరికంటే ఎక్కువ తేడాలు పట్టుకుంటుందని అతని అనుమానం. “నిజమైతే రాసుకుంటా. కాకపోయినా రాసుకుంటా సార్,” అన్నాడు.

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది అతనికి. కింద నిలబడ్డ నాకు అతని పక్క సీటు ఖాళీగానే కనిపించింది.