తాడు కట్టిన పీట

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పెర్కిట్ స్టాపులో నిజామాబాద్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. దవాఖానాలో ఉన్న మా పక్కింటి అవ్వను ఆ రోజు ఇంటికి పంపుతామన్నారు. ఆమె బస్సు ఎక్కడానికి కావాలని చిన్న చెక్కపీట చేత పట్టుకున్నాను. ఇంతలో ఆమె అల్లుడు సైకిల్ మీద వచ్చి దిగాడు.

"బస్సెక్కకు బిడ్డా. అవ్వ పోయింది. జీపుల తెస్తున్నరు."

పీట చేతిలోనే ఉండిపోయింది.

అవ్వ ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు కొమ్ములు ఏరే పని చేసేది. మోకాళ్లు అరిగాక మానేసింది. నాకు రక్తసంబంధం కాదు. కానీ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె వల్లనే.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. ఇంటర్ అయ్యాక నిజామాబాద్‌లో డిగ్రీలో చేరాను. మొదటి వారమే కిక్కిరిసిన బస్సులో ఒకడు వెనక నుంచి చేతులు వేశాడు. ఏడుస్తూ ఇంటికొచ్చాను.

"సదివింది చాలు. మీ అమ్మతోని కూసొని బీడీలు చుట్టు" అన్నాడు బాపు.

గోడ అవతల నుంచి అవ్వ గొంతు వినబడింది. "ఏమిరా, తప్పు చేసినోడు దినాం బస్సెక్కుతడు, నీ బిడ్డ ఇంట్ల కూసోవాల్నా?"

"మరేం జెయ్యాలె చిన్నమ్మా? దాని ఎంట ఎవలు పోతరు?"

"నేను పోత."

"లేసి నిలబడనీకే అయితలేదు, నువ్వు బస్సేం ఎక్కుతవ్!"

"ఎక్కుడు నా ఫికర్. పంపుడు నీ ఫికర్."

మర్నాడు పీటకు తాడు కట్టుకొని వచ్చింది. ఎత్తైన బస్సు మెట్టు కింద పీట వేసి, దాని మీద నుంచి ఎక్కి, తాడుతో పీటను పైకి లాక్కుంది. డ్రైవర్ పకపకా నవ్వాడు.

"పీట తెచ్చినవ్ అవ్వా, బువ్వ తిననీకి ఇస్తారి ఏది?"

"నీ పెండ్లిల ఏస్త గని, నేనెక్కేదాక బండి కదలనియ్యకు."

ఆ తర్వాత ఆయన పీట కనబడితే చాలు, బస్సును రోడ్డు అంచుకు ఆనించి ఆపేవాడు. దారిలో మాక్లూర్‌లో అవ్వ తాడుతో పీట దింపితే, ముసలివాళ్లూ, చంటిబిడ్డల తల్లులూ దాని మీదనే ఎక్కేవారు.

అవ్వ కొంగుముడిలో తడి పసుపు ఉండేది. ఒకనాడు గుంపులో ఒకడు నా మీదికి ఒరిగాడు. అవ్వ అరవలేదు. అరచేతికి పసుపు రాసుకొని వాడి తెల్ల చొక్కా వీపు మీద గట్టిగా చరిచింది. "జర సర్దుకో కొడుకా, పిల్లకు ఊపిరాడ్తలేదు." వాడు తిరిగేసరికి వీపు మీద ఐదు వేళ్లూ పచ్చగా ఉన్నాయి. బస్సంతా నవ్వింది.

దిగాక నాతో అంది, "లొల్లి జేస్తే మనల్నే చూస్తరు బిడ్డా. గిప్పుడు ఇంట్ల వాని పెండ్లామే అడుగుతది."

కాలేజీ అయ్యేదాకా గేటు పక్కన పండ్ల బండి దగ్గర కూర్చునేది. కొన్నాళ్లకు మాక్లూర్ ఆడపిల్లలు నాకు జతయ్యారు. "మీరంత జమైండ్రు, ఇగ నేనెందుకు?" అని స్టాపు దాకానే రాసాగింది. పీట మాత్రం నాతో పంపేది. "నాకే గాదు, మోకాళ్లు అందరికుంటయి."

కర్మ అయిన మర్నాడు స్టాపుకు వెళ్లాను. బస్సు ఎప్పటిలాగే అంచుకు ఆనుకొని ఆగింది. డ్రైవర్ నా వెనక వెతికాడు.

"అవ్వ ఏది?"

పీట చూపించి తల అడ్డంగా ఊపాను. ఆయన మెల్లగా ఇంజన్ ఆపేశాడు.

నా పక్కన, కర్ర పట్టుకొని ఒక ముసలామె మెట్టు వైపు బెంగగా చూస్తోంది. పీట వేశాను.

"ఎవలదే గీ పీట?"

"మా అవ్వది. ఎక్కు."

ఆమె వెనకే నేనూ ఎక్కి తాడు లాగాను. ముడి దగ్గర, అవ్వ పట్టుకునే చోట, తాడు ఇంకా పచ్చగానే ఉంది. చెమట పట్టిన నా అరచేతికి కొంచెం అంటింది.