బూటు చిరగకుండా పట్టుకున్న మధ్యాహ్నం

ఇది రాసిపెట్టక తప్పదనిపించింది. కారు ముందు స్ప్రింగులు మార్చడం గురించి బీదర్ లైబ్రరీలో నేను చదివిన పుస్తకంలో అన్నీ ఉన్నాయి గానీ, ఒంటరిగా ఉండేవాడు ఏం చేయాలో మాత్రం లేదు.

ఆ రోజుల్లో నాకు బీదర్‌లో మాట్లాడే మనిషి లేడు. పగలు ఉద్యోగం, సాయంత్రం లైబ్రరీ, తర్వాత గది. లైబ్రేరియన్ నాతో అనే మాట ఒక్కటే, "టైమైంది" అని. (దానికీ సంతోషంగా తల ఊపేవాణ్ణి.) ఔరాద్‌లో ఉండే అక్క నా గది ఎన్నడూ చూడలేదు. ఆమెకు బస్సు పడదు. "కారు కొన్నవంట గద, వచ్చి తీస్కపో, వస్త" అంది. ఆదివారం వెళ్ళాలి. కారేమో పాతది, ముందు స్ప్రింగులు కుంగిపోయి, గుంట వస్తే కడుపు నేలకు తగిలేది. కొత్తవి తెచ్చి శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు సందులోనే పని మొదలుపెట్టాను. మెకానిక్ దగ్గరికి ఎందుకు పోవాలి, నేను చదివాను కదా.

పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది. షాకబ్జర్ కింది బోల్టులు విప్పగానే, చక్రం బిగించే హబ్బు బయటికి వాలుతుంది. దాన్ని వేలాడనిస్తే యాక్సిల్ సాగి, దాని కీలు దగ్గర గ్రీజును కాపాడే మడతల రబ్బరు తొడుగు, అంటే బూటు, చిరుగుతుంది. చిరిగితే గ్రీజు పోయి మట్టి చేరుతుంది. ఇక ఔరాద్ ప్రయాణం లేనట్టే. అందుకని సహాయకుడు హబ్బును పట్టుకుంటే మీరు తీగతో పైకి కట్టాలి. ఈ భాగం నాకు కంఠతా వచ్చు. సహాయకుడు ఎక్కడ దొరుకుతాడో ఆలోచించకుండానే చివరి బోల్టు లాగేశాను.

హబ్బు వాలింది. రెండు చేతులా పట్టుకున్నాను. బూటు మడతలు సగం సాగి ఆగాయి. తీగ గడప మీద ఉంది. సహాయకుణ్ణి నేనే అయిపోయాను, కట్టేవాడు లేడు.

ఒకాయన సైకిల్ ఆపి "క్యా భాయ్, రిపేరా?" అన్నాడు. హుందాగా తల ఊపాను. ఆయన "అచ్ఛా" అని వెళ్ళిపోయాడు. 

చివరికి ఎదురింటి పెద్దమ్మ (అంతవరకు ఆమెతో ఒక్క మాటా ఆడలేదు) మెట్టు మీద నుంచి పలకరించింది. "ఏమయ్యా, ఎప్పట్సంది చూస్తున్న, పసిపోరన్ని ఎత్తుకున్నట్టు దాన్ని పట్టుకొని కూసున్నవు. దించరాదు?"

"దించితే రబ్బరు చిరుగుతది పెద్దమ్మా."

"మరి ఎవర్నన్న పిలువరాదా?"

"ఎవర్ని పిలవాలె?"

ఆమె లేచి నిలబడింది. "మేము గోడలం గాదు గద" అని, లోపలికి తిరిగి మొగుణ్ణి కేకేసింది. "ఇగో, దండెం తాడు ఇప్పుకరా."

"బట్టలింక ఆరలే."

"నీ లుంగీ రేపు ఆరుతది. ఈ పిల్లగాని చేతులు ఇప్పుడే పడిపోతయి."

తడి లుంగీ భుజాన వేసుకుని ఆయన వచ్చాడు. (తీగ గడప మీదే ఉందని చెప్పే వీలు నాకు దొరకలేదు.) హబ్బును పైకెత్తి తాడుతో కట్టాడు. బూటు మడతలు మళ్ళీ దగ్గరికి చేరాయి. ఎక్కడా చిరగలేదు.

ఆదివారం అక్క ఆ కారులోనే వచ్చింది. నాతో కన్నా పెద్దమ్మతోనే ఎక్కువ మాట్లాడింది. వెళ్తూ "నీకీడ ఎవరు లేరనుకున్న రా" అంది.

పెద్దమ్మ వాళ్ళు ఇల్లు మారి చాలాకాలమైంది. ఇప్పుడు నా దగ్గర చిన్న జాకీ ఉంది. బోల్టు విప్పే ముందే హబ్బు కింద పెడతాను. ఎవరి చేయీ అక్కర్లేదు. సరైన పద్ధతి అదే. సందులో వాళ్ళు పని సాఫీగా సాగుతోందని చూసి, పలకరించకుండా పోతారు. ఆనాటి కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, ఒక్కోసారి కాస్త అసూయ కూడా.

'టైమైంది' అని పలకరించిన లైబ్రేరియన్‌కు, సైకిల్ ఆపి అడిగిన భాయ్‌కు, బస్సెక్కని అక్కకు, తాడు విప్పిన లుంగీ మామకు, ఎక్కడున్నా సరే ఎదురింటి పెద్దమ్మకు, నా కృతజ్ఞతలు.